నాగేశ్వరీ చతుర్థాసన విజయము

ఎగుడుదిగుడు వీథులతోను, ఏ గేటు ముందు చూచినను మూడు కార్లతోను, ఏ కారులో చూచినను సీటు వెనుకకు వాల్చి కునుకు తీయుచున్న ఒక డ్రైవరుతోను విరాజిల్లు జూబ్లీహిల్స్ నామక శిలాపర్వతశ్రేణిని ఆనుకొని, కథలకు కొదవయు పార్కింగునకు చోటును లేని ఫిలింనగరమను పురవరము కలదు. ఆ పురమున, ఎండ యింకను బాల్కనీ దాటి హాలులో అడుగుపెట్టని ఒకానొక గురువారమునాడు, వర్జ్యము నడుచుచుండగా, మూడవ అంతస్తు వంటింట, దక్షిణహస్తమున అట్లకాడయు వామహస్తమున సెల్‌ఫోనును ధరించి, ఒక ఇల్లాలు ఒంటరిగా ఒనర్చిన మహాసమరమును చెప్పెదము. వినుడు. కాఫీ చల్లారకముందే ముగింతుము.

ఆ ఇంటి యజమాని రఘునందనుడు. వృత్తిచే ప్రొడక్షన్ మేనేజరు, బిరుదుచే ఏకదూరవాణీప్రయోగమాత్రసర్వకార్యసాధనధురంధరుడు. అనగా ఏ పని చెప్పినను "ఒక్క ఫోన్ కొడితే అయిపోద్ది" అనువాడు. అట్లు ఫోను కొట్టియే ఇరువది గుర్రములను, వాన కురిపించు ట్యాంకర్లను, పెండ్లి సీనునకు నిజమైన పురోహితుని తెప్పించిన ఘనుడు. అతని ధర్మపత్ని నాగేశ్వరి. కాకినాడలో చదువుకొనునాడు కళాశాల ఫుట్‌బాల్ జట్టునకు మూడేండ్లు గోల్‌కీపరై, బి.ఎస్సీ. పట్టాతోపాటు కొంచెము వంకరపోయిన ఎడమ చిటికెనవ్రేలిని సంపాదించిన వీరవనిత. పెండ్లి తరువాత ఇరువదిరెండేండ్లుగా ఆటను టీవీలోనే చూచుచు, చారులో పోపు వేయుచునే "ఆఫ్‌సైడ్!" అని రెఫరీ కంటె అరక్షణము ముందుగా తీర్పు చెప్పుచుండెను. కాని ఒక్క అంతర్జాతీయ పోటీనైనను స్టేడియమున కూర్చుండి చూచి యెరుగదు.

ఇట్లుండ, కొచ్చి నగరమున భారతజట్టునకును ఒక పరదేశపు జట్టునకును పోటీ జరుగనున్నదన్న వార్త వచ్చెను. వెంటనే రఘునందనుడు కొచ్చిపై దండయాత్రను ప్రకటించి, ఇద్దరు మహారథులను కూడగట్టెను. ఒకడు కెమెరామన్ పృథ్వీరాజు, టోలిచౌకి వీథులలో పెరిగినవాడు, బంతిని తన్నిన ప్రతివాని కాలును లెన్సులోనుండి చూచువాడు. రెండవవారు సుబ్బరామయ్యగారు. ఏబదియేండ్లు పౌరాణిక సంభాషణలు వ్రాసి వ్రాసి, ఇంట మంచినీళ్లడిగినను దానవీరుని కంఠముతోనే అడుగు పెద్దమనిషి.

ఫిలింనగరమున ఏ కార్యమైనను సిట్టింగుతోనే మొదలగును. సిట్టింగనగా కొందరు కూర్చుండి, చేయవలసిన పని తప్ప తక్కినవన్నియు చర్చించుట. ఈ యాత్రకు రఘునందనుని హాలులో ఏడు సిట్టింగులు జరిగినవి. యాత్రకు, భారతజట్టు ముద్దుపేరునుబట్టి, "నీలి బెబ్బులులు" అను పేరు కుదిరెను. బొమ్మలో పులి నోరు తెరచియుండవలెనా మూసియుండవలెనా అనుదానికి రెండు సిట్టింగులు చెల్లిపోయెను. చొక్కాలు కుట్టించిరి. ఫస్ట్ లుక్ పోస్టరు వాట్సాపులో విడుదలయ్యెను, దానిని చూచి ముగ్గురును తమలో తాము అభినందించుకొనిరి. టికెట్టు మాత్రము ఒక్కటియు లేదు. ఆ యేడు సిట్టింగులకును పునుగులు వేసినది నాగేశ్వరియే.

ఆరవ సిట్టింగున రఘునందనుడు, "ఒక్క పేరు మీద నాలుగే ఇస్తారంట" అనెను.

నాగేశ్వరి పునుగుల పళ్లెము దించుచు, "మీరు ముగ్గురే కదండీ. నాలుగోది నాకు" అనెను.

అల్లపు పచ్చడిలో మునిగిన పునుగు పృథ్వీరాజు చేతిలోనే నిలిచిపోయెను.

"నీకా?"

"ఏం, నేను చూడకూడదా?"

"అహ, అది కాదు నాగూ. ప్రొడ్యూసర్‌గారు వస్తానంటే? ఆయనకోటి ఉంచకపోతే ఏం బాగుంటుంది చెప్పు?"

పాఠకులారా, ఆ పురమున ఇది తరతరాల ఆచారము. ప్రతి కారులో ముందు సీటు, ప్రతి వేడుకలో ముందు సోఫా, ప్రతి ప్రివ్యూలో నడిమి కుర్చీ, రాగల నిర్మాతకై ఖాళీగా ఉంచవలెను. ఆ సీట్లలో ఇంతవరకు నిర్మాతల కంటె హ్యాండుబ్యాగులే ఎక్కువగా ఆసీనములైనవి. అయినను ఉంచవలెను.

పృథ్వీరాజు సంధికి పూనుకొనెను. "ఫికర్ జెయ్యకుండ్రి వదినా. సారు ఎన్నడన్న వచ్చిండా? పోయినసారి అరకు పోతే గట్లనే సీటు ఉంచినం, దాంట్ల ట్రైపాడ్ కూసున్నది. ఆఖరికి గది మీకే వస్తది."

"ఆయన రానప్పుడు మిగిలే సీటు నాకొద్దు పృథ్వీ. అడిగినప్పుడు ఇచ్చే సీటు కావాలి."

"చూద్దాంలే" అనెను రఘునందనుడు. ఆ మాటకు నిఘంటువులో ఏ అర్థమున్నను, ఇరువదిరెండేండ్ల దాంపత్యమున ఆమెకు దాని అసలు అర్థము కంఠస్థమే. ఆమె పళ్లెము తీసికొని లోనికి పోయెను. ఆ క్షణముననే యుద్ధము నిశ్చయమాయెను. హాలులోనివారికి తెలియలేదు.

అంతట రఘునందనుడు తన అమోఘాస్త్రమును తీసెను. టికెట్టు కొనుట యనగా ఆ పురవాసులకు తలవంపు. పాసు రావలెను, అదియు ఎవరో తెచ్చి ఇంటి దగ్గర ఇచ్చి పోవలెను. అతడు కొచ్చిలో నున్న ఒక లొకేషన్ మేనేజరునకు ఒక్క ఫోను కొట్టెను.

"పాసులు ఇల్ల సార్" అని వచ్చీరాని తెలుగులో అవతలివాడు బదులు పలికెను. "గురువారం పదిన్నర, ఆన్‌లైన్. అందరూ క్యూలో నిలబడాలి."

"అందరూ అంటే?"

"అందరూ, సార్."

రఘునందనుడు ఫోనును చెవినుండి తీసి, దాని వంక, తొలిసారి గురితప్పిన విల్లును చూచినట్లు చూచెను.

సరే, క్యూయే గతి యని తలచుచుండగా, సుబ్బరామయ్యగారు కళ్లజోడు సవరించి, పంచాంగము తెరచి, సోఫానుండి లేచి నిలిచిరి. "ఓయీ రఘునందనా! గురువారము పదిన్నర యంటివా? ఆ ఘడియ ఎట్టిదో ఎరుగుదువా? వర్జ్యము! పది గంటల ఏబదిరెండు నిమిషముల దనుక ఘోరవర్జ్యము! వర్జ్యమున క్లాపు కొట్టిన చిత్రమేదైనను థియేటరు ముఖము చూచెనా? చూచినను రెండవ ఆట చూచెనా? ఆ పాపపు ఘడియలో నీ వ్రేలు ఆ మీటపై పడనే కూడదు!"

"బాబాయ్, ఇరవై రెండు నిమిషాలల్ల టికెట్లు ఒడుస్తయ్ గదా?" అనెను పృథ్వీరాజు.

"ఒడిచినచో అవి మనవి కావు నాయనా!"

తలుపు దగ్గర నిలిచి నాగేశ్వరి, "వరుసలో నిలబడడం పదిన్నరకి నిలబడి, కొనడం యాభైరెండుకి కొనొచ్చు కదా బాబాయ్‌గారూ?" అనెను.

"నిలుచుటయే ఆరంభమమ్మా!"

ఫిలింనగరమున ముహూర్తమునకు ఎదురాడినవాడు లేడు. తీర్మానమైపోయెను.

ఇక ఆ గురువారము. హాలులో ల్యాప్‌టాపునకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలదండ వేసిరి. క్లాపుబోర్డు సిద్ధము. అస్త్రపూజ కూడ జరుగవలెనని రఘునందనుడు తన ఫోనును పూజపళ్లెములో పూలపై పవళింపజేసెను. ముగ్గురును చేతులు కట్టుకొని గడియారము వంక చూచుచు, ఏబదిరెండవ నిమిషమునకై తపస్సు చేయుచుండిరి.

అటు వంటింట, కందిపప్పు డబ్బాకు ఆనించిన ఫోనున సరిగా పదిన్నరకు యవనిక తొలగెను. తెరపై అక్షరములు వెలసెను: మీ ముందు ముప్పదియెనిమిదివేల నాలుగువందల పండ్రెండుగురు కలరు.

అహో! ఏమా సైన్యము! ఒకరి ముఖ మొకరికి కానరాక, ఒకరి భుజ మొకరికి తగులక, కాఫీతోటలనుండి, కంప్యూటరు కొలువులనుండి, కదులుచున్న బస్సులనుండి, కళాశాలల చివరి బెంచీలనుండి వచ్చి, మలబారు తీరమునుండి ఫిలింనగరము వంటింటిదాక ఒకే వరుసగా నిలిచిన ఆ అదృశ్యాక్షౌహిణి వెనుకభాగమున, నైటీపై తువాలు కప్పుకొని, నాగేశ్వరి నిలిచెను. తెరపై ఒక చిన్న మనిషిబొమ్మ నెమ్మదిగా నడచుచుండెను. "పేజీని తిరిగి తెరచినచో మీ స్థానము పోవును" అని శాసనము. ఆమె ఊపిరి కూడ మెల్లగా తీసెను.

విఘ్నములు వరుస కట్టెను. మొదట పృథ్వీరాజు పూజను గ్రూపులో లైవు పెట్టుటచే వైఫై మూర్ఛపోయి, మనిషిబొమ్మ ఒంటికాలిపై ఆగిపోయెను. ఆమె తడబడక మొబైల్ డేటా యను రథమునకు మారెను. పిదప ఒక తెలియని నంబరు మ్రోగి, "మేడమ్, శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు—" అనబోగా, ఆ శత్రువును మాట పూర్తికాకుండనే ఖండించెను.

"నాగూ! కొబ్బరికాయ ఎక్కడ పెట్టావ్?" అని హాలునుండి కేక.

"ఫ్రిజ్ పక్కన!"

"లేదే!"

"ఫ్రిజ్ పక్కన అంటే ఫ్రిజ్ లోపల కాదండీ!"

అట్టు ఒక ప్రక్క మాడెను. చరిత్రలో ఏ మహాయుద్ధమైనను ప్రాణనష్టము లేకుండ జరుగలేదు.

పది నలుబదినాలుగునకు ద్వారము తెరచుకొనెను. పరీక్షాధికారి వలె ఒక పటము ప్రత్యక్షమై, ట్రాఫిక్ సిగ్నళ్లున్న గడులను చూపుమనెను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నలు దగ్గర బ్రతుకులో సగము గడిపిన ఫిలింనగర గృహిణికి ఆ పరీక్షయా! మూడు పోట్లతో ముగించెను. చిట్టచివరి వరుసలో నాలుగు సీట్లు పక్కపక్కన దొరికెను. ప్రేక్షకుల పేర్లు ఇమ్మనెను. ముగ్గురి పేర్లును చకచక వ్రాసెను. నాలుగవ గడి కడ ఆమె బొటనవ్రేలు ఒక్క లిప్త ఆగెను. ఇంతకాలము ఎవ్వరును కూర్చుండకయే ఎవరో కూర్చున్నట్లుండెడి సీటది. ఆమె 'నాగేశ్వరి' అని వ్రాసి, అక్షరములు సరిగా పడినవో లేదో రెండుమార్లు చూచుకొనెను.

సొమ్ము చెల్లించుటకు భర్త బ్యాంకు కార్డు ఆమె కడనే కలదు. కాని అంతలో పిడుగు పడెను. ఓటీపీ! ఆ ఆరంకెల రహస్యమంత్రము రఘునందనుని ఫోనునకు పోవును. ఆ ఫోను హాలులో, పళ్లెమున, పూల నడుమ, ముగ్గురు యోధుల కాపలాలో కలదు. వ్యవధి మూడు నిమిషములు.

నాగేశ్వరి తన ఫోనును తువాలు మడతలో దాచి, మూడు గ్లాసుల కాఫీ పట్టుకొని శత్రుశిబిరమును ప్రవేశించెను.

"ముట్టకుడు! ఇంకను ఆరు నిమిషములున్నవి!" అని సుబ్బరామయ్యగారు కర్పూరము వెలిగించుచు గర్జించుచుండిరి. అప్పుడే పూల నడుమ ఫోను 'టింగ్' మనెను.

"ఎవరిదో మెసేజ్" అని రఘునందనుడు చేయి చాచెను.

"వర్జ్యము!" అని సుబ్బరామయ్యగారు ఆ చేతిపై చిన్న దెబ్బ వేసిరి.

నాగేశ్వరి కాఫీ దించి, భక్తితో వంగి, హారతి కన్నులకద్దుకొనుచు, ఒక బంతిరేకను చిటికెనవ్రేలితో ప్రక్కకు జరిపి, ఆరంకెలను గ్రహించి, పెదవులు కదల్చుచు వెనుదిరిగెను.

"చూచితివటోయీ, అమ్మాయి జపము చేసికొనుచున్నది. శ్రద్ధ యనగా ఇది!" అని సుబ్బరామయ్యగారు మెచ్చుకొనిరి.

జపము వంటింట సమాప్తమయ్యెను. ఇరువదియారు సెకనులు మిగిలియుండగా తెరపై పచ్చని గుర్తు వెలిగెను.

ఏబదిరెండవ నిమిషము. "నీలి బెబ్బులులు, సీన్ వన్, టేక్ వన్!" అని పృథ్వీరాజు క్లాపు కొట్టెను. కొబ్బరికాయ పగిలెను. రఘునందనుడు మీట నొక్కెను. ల్యాప్‌టాపు రెండే మాటలు పలికెను: అన్నీ అమ్ముడయ్యాయి.

ఆ హాలులో అలుముకొన్న శోకమును ఏమని వర్ణింతుము! రఘునందనుడు సోఫాలో కూలబడి, "ఏడు సిట్టింగులు! నోరు తెరిచిన పులి! చొక్కాలు కూడా కుట్టించాం కదయ్యా! ఈ చొక్కాలేసుకుని ఇప్పుడు కృష్ణానగర్‌లో తిరగాలా?" అని విలపించెను.

నాగేశ్వరి ఫోను తెచ్చి బల్లపై పెట్టెను. "నాలుగు దొరికాయి. పదిన్నరకే నిలబడ్డాను."

"వర్జ్యమునా!" అని సుబ్బరామయ్యగారు గుండెపై చేయి వేసికొనిరి.

"అట్లు వేస్తూ నిలబడ్డాను బాబాయ్‌గారూ. అట్లకి వర్జ్యం లేదుగా."

"వదినా, నీకు దండం!" అని పృథ్వీరాజు ఎగిరి గంతువేసెను. ఆ గంతు నేల తాకకముందే రఘునందనుని ఫోను మ్రోగెను. ఎత్తి స్పీకరు నొక్కెను. నిర్మాత సత్యనారాయణమూర్తిగారు.

"రఘూ, మీ పోస్టర్ చూశానయ్యా. ఆ పులి బావుంది. ఈసారి నేనూ వస్తున్నా. నా సీటుందిగా?"

యుగయుగములుగా రానివాడు వచ్చుచున్నాడు! రఘునందనుని నాలుక అలవాటుచొప్పున కదలెను. "అయ్యో, మీకు లేకుండానా సా..." అంతలో అతని చూపు బల్లపై వెలుగుచున్న నాలుగవ పేరుపై పడెను. ఫోనును అరచేత మూసి, "నాగూ, పేరు మార్చొచ్చేమో?" అని గొణిగెను.

"మార్చడానికి వీల్లేదని రాశాడు. రాయకపోయినా నేను మార్చను."

ఆమె గొంతు పెంచలేదు. బల్లపై పడిన కొబ్బరినీళ్లను గుడ్డతో తుడుచుచునే చెప్పెను. రఘునందనుడు ఆ తుడుచు చేతిని చూచెను. ఫోనుపైనుండి అరచేతిని ఎత్తెను. ఏ గుర్రములను తెచ్చినపుడును, ఏ వానను కురిపించినపుడును అతనికి అంత బలము కావలసి రాలేదు.

"సార్... సీటు లేదు సార్."

"లేదా? నాకోటి ఉంచుతారు కదయ్యా ఎప్పుడూ!"

"ఉంచాం సార్. మా ఆవిడ అడిగింది. ఇచ్చేశాం."

ఇచ్చినదెవరు, తీసికొన్నదెవరు అను ధర్మసూక్ష్మమును నాగేశ్వరి ఆ పూటకు క్షమించి విడిచెను.

"ఆవిడకి ఫుట్‌బాల్ తెలుసా?"

"మా ముగ్గురికీ కలిపి తెలిసినదానికంటే ఎక్కువే సార్."

"సరేలే. నేను టీవీలో చూస్తా" అని ఫోను కట్టయ్యెను.

జయము! దిక్కులారా, వినుడు! ఫిలింనగర చరిత్రలో ఒక ప్రొడక్షన్ మేనేజరు నిర్మాతకు 'లేదు' అని పలికిన దినమిది! ముప్పదియెనిమిదివేల నాలుగువందల పండ్రెండుగురి వెనుక నిలిచి, వైఫై మూర్ఛను దాటి, హారతిమంటల నడుమ ఆరంకెలను హరించి, నాగేశ్వరి గురువారము పది గంటల ఏబదితొమ్మిది నిమిషములకు తూర్పు గ్యాలరీలో చిట్టచివరి వరుసలో పందొమ్మిదవ నంబరు ప్లాస్టిక్ కుర్చీకి, తొంబది నిమిషములపాటు, అదనపు సమయముతో సహా, సార్వభౌమురాలయ్యెను. అక్కడినుండి ఆటగాళ్లు చీమలంత కనబడుదురు. కాని వెనుక వరుస లేదు గనుక, లేచి నిలబడి ఎంతసేపు అరచినను, కూర్చోమనువాడు ఎవ్వడును ఉండడు.