చిహాయా వేయించిన బ్యాటరీ

ఆ సోమవారం తొగావా యసువో ఆఫీసుకు పావుగంట ముందే వచ్చాడు. ఆ రోజు ఆయన అనుకున్న పని ఒక్కటే. కొత్తగా చేరిన చిహాయా అనే అమ్మాయికి ఇచ్చిన గేమ్ క్యాసెట్‌ను తిరిగి తీసుకోవాలి, శనివారం దాకా ఇంకెవరికీ ఇవ్వకుండా దాచుకోవాలి.

ఆయన హనెకావా పట్టణం నీటి సరఫరా ఆఫీసులో సెక్షన్ అధికారి. నీళ్ళ గురించి ఎవరైనా అడిగితే చెప్పేవాడు. ఆ పాత ఆట గురించి మాత్రం అడక్కపోయినా చెప్పేవాడు. నలుగురు వీరులు ఊరూరా తిరిగి, బలం పెంచుకుని, చివరికి నల్లకోటలోని రాక్షసరాజును చంపే ఆట అది. వినేవాళ్ళు మర్యాదకు తలూపారంటే మర్నాడు వాళ్ళ బల్ల మీద గుడ్డలో కట్టిన మూట ఉండేది. అందులో పాత గేమ్ మిషను, క్యాసెట్, తొగావా స్వయంగా రాసిన పన్నెండు పేజీల సలహాలు. పాతవాళ్ళు తలూపడం ఎప్పుడో మానేశారు. చిహాయా చేరి అప్పటికి రెండు వారాలే కనుక ఊపింది.

ఆ క్యాసెట్‌లో మూడు ఆటలు దాచుకోవచ్చు. మొదటిది తొగావాది. దాని జోలికి పోవద్దని ఇచ్చేటప్పుడు మూడుసార్లు చెప్పేవాడు. ముప్పై ఒక్కేళ్ళ క్రితం ఆయనా, అన్న మిత్సుహిరో కలిసి ఆడి కోట తలుపు దాకా వచ్చారు. చివరి యుద్ధానికి కంట్రోలర్ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర జుట్లు పట్టుకున్నారు. తండ్రి వచ్చి వైరు పీకేశాడు. ఆ వసంతంలోనే అన్న కుషిరోలో చేపల పడవ మీద పనికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఏడాదికో కొత్త సంవత్సరం కార్డు తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఈ ఏడాది కార్డులో తొగావా ఒక ముక్క ఎక్కువ రాశాడు. మన ఆట కోట ముందు అలాగే ఉంది, వస్తే ముగిద్దాం అని. శనివారం వస్తున్నానని అన్న జవాబిచ్చాడు.

చిహాయా మూటను రెండు చేతులతో అందించింది. దాని మీద తీపి చిక్కుడు ముద్ద కూరిన కేకుల డబ్బా ఉంది. తొగావా ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

"సార్, లోపల బ్యాటరీ బాగా పాతదైపోయిందండీ. స్టేషన్ పక్క కొట్లో కొత్తది వేయించాను. ఇంకో ముప్పై ఏళ్ళు చూసుకోనక్కర్లేదట."

తొగావా నమలడం ఆపాడు. "మార్చేముందు కొట్టువాడు ఏమీ అడగలేదా?"

"అడిగాడండీ. పోతే ఇబ్బందిపడేవేమైనా ఉన్నాయా అన్నాడు. నా ఆట నేను ముందే చెరిపేసి శుభ్రం చేశాను కదా. నావేం లేవన్నాను."

తీసుకున్న వస్తువును తీసుకున్నదానికంటే బాగా తిరిగివ్వాలని చిహాయాకు వాళ్ళమ్మ నేర్పింది. కారు తీసుకుంటే ట్యాంకు నింపి ఇచ్చేది. గొడుగు తీసుకుంటే ఆరబెట్టి, మడత పెట్టి ఇచ్చేది. క్యాసెట్‌లో దాచిన ఆటలన్నీ ఆ చిన్న బ్యాటరీ ఉన్నంతవరకే బతుకుతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పన్నెండు పేజీల్లోనూ ఆ సంగతి లేదు.

తొగావాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోట్లో ఆమె తెచ్చిన కేకు ఉంది. ఒకరు పెట్టింది నోట్లో ఉండగా వాళ్ళనే తిట్టడం హనెకావాలో ఎవరూ చేయరు. కేకుతో పాటు మాటనూ మింగి, చాలా థాంక్సమ్మా అన్నాడు.

మింగిన కోపం కడుపులో ఊరుకోలేదు. స్టేప్లర్ మీద గుద్దితే అది రెండు ముక్కలైంది. కుళాయిలో ఎర్రనీళ్ళు వస్తున్నాయి, కొత్త పైపు వేయించుకోనా అని ఒక ముసలావిడ ఫోన్ చేసింది. పాతదాని విలువ పోయాకే తెలుస్తుంది, ఆ నీళ్ళే తాగండి అని పెట్టేశాడు. ఆవిడ నేరుగా మేనేజరు కురియామాకు ఫోన్ చేసింది.

కురియామా రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి. తొగావాను పిలిచి సంగతంతా విన్నాడు. విన్నకొద్దీ ఆయనకూ కోపం వచ్చింది, అదీ తొగావా మీద.

"అన్నదమ్ముల పొత్తులో ఉన్న వస్తువుని ఊరంతా తిప్పుతావా? మా ఆవిడ పెళ్ళిబట్టలు నేనెవరికైనా అరువిచ్చానా?"

చిహాయాను పిలిపించారు. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది. క్షమించమని వంగిన నడుం ఎంతసేపటికీ ఎత్తకపోయేసరికి కురియామా తీర్పు చెప్పేశాడు. సెక్షన్‌లో ఒకరి తప్పు అందరి తప్పు. శుక్రవారం సాయంత్రానికి ఆటను మళ్ళీ కోట తలుపు దగ్గర నిలబెట్టాలి.

మీటింగు గదిలో టీవీకి మిషను తగిలించారు. భోజనాల వేళ, డ్యూటీ దిగాక, వంతులవారీగా కూర్చున్నారు. చిహాయాకు దారులు తెలుసు. మీటరు రీడింగులు తీసే పెద్దావిడ ఒమాచి గారికి ఊరూరా తిరగడం అలవాటే. తొగావా వెనక నిలబడి స్కేలుతో చూపించేవాడు. అన్నీ మునుపటిలాగే ఉండాలి. వీరుడి పేరు మిత్సు, వైద్యుడి పేరు యసు. వీరుడికి నలభై ఒకటో లెవెల్, వైద్యుడికి ముప్పై ఎనిమిది. కత్తి వంకరదే కావాలి, మంచిది దొరికినా తీసుకోకూడదు.

మంగళవారానికి ఒమాచి గారికి ఆటలో వీరులకు పనులు పురమాయించే రాజు మీద కోపం వచ్చింది. "ఈ రాజుకి సొంత సైన్యం లేదా? నూతిలో ఉంగరం పడితే మేమే దిగాలా?" బుధవారం పన్నెండు పేజీల సలహాల్లో మూడు తప్పులు దొరికాయి. వాటిని నమ్మి ఒక గుహలో గంటన్నర తిరిగిన కురియామా రెండు రోజులు తొగావాతో మాట్లాడలేదు. శుక్రవారం సాయంత్రం కోట తలుపు కనిపించింది. తొగావా ముందుకు వంగి చూసి, మూలికలు పదకొండే ఉండాలి, పన్నెండున్నాయి అన్నాడు.

"ఇటివ్వండి, ఆ ఒక్కటీ నేనే నమిలేస్తాను," అన్నారు ఒమాచి గారు.

శనివారం చిహాయా, కురియామా క్షమాపణ చెప్పుకోవడానికి కొత్త కేకుల డబ్బాతో తొగావా ఇంటికి వచ్చేసరికి మిత్సుహిరో కూడా దిగాడు. ఎండకు నల్లబడిన పెద్దమనిషి. పొగబెట్టిన సాల్మన్ చేప తెచ్చాడు, తనే ముక్కలు కోసి అందరికీ పెట్టాడు. టీవీలో కోట వెలిగింది. ఆయన ఆటలోని సంచి తెరిచి లెక్కపెట్టాడు.

"మూలికలు కూడా పదకొండే. ఎలా వదిలామో అలాగే ఉంచావురా," అన్నాడు.

చిహాయా ఆ మాట తట్టుకోలేకపోయింది. చాప మీద నుదురు ఆనించి బ్యాటరీ సంగతి మొదలు నూతిలో ఉంగరం దాకా చెప్పేసింది. మిత్సుహిరో గడ్డం గోక్కున్నాడు.

"అయితే నేనూ ఒకటి చెప్పేయాలి. నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళిన రోజున నేనొక్కణ్ణే లోపలికెళ్ళి వాణ్ణి చంపేశాన్రా. గెలిచింది దాచుకోదు కదా ఆ మిషను. మళ్ళీ తెరిస్తే కోట ముందే నిలబెట్టింది. నీకేం తెలీలేదు."

"కుషిరో పారిపోయింది అందుకా?"

"వెళ్ళింది పనికే. తిరిగి రాకపోయింది అందుకు."

ముప్పై ఒక్కేళ్ళ కోపం తొగావా మెడదాకా వచ్చింది. కానీ నోట్లో అన్న పెట్టిన చేప ముక్క ఉంది. నిదానంగా నమిలి మింగాడు. "చేప బాగుందన్నయ్యా," అన్నాడు.

తర్వాత ఇద్దరూ ఒకేసారి కంట్రోలర్ మీద చేయివేశారు. ఇద్దరూ వదల్లేదు. కురియామా లేచి, దాన్ని లాక్కుని చిహాయా చేతిలో పెట్టాడు. ఆమె ఇరవై నిమిషాల్లో రాక్షసరాజును చంపింది. రాజుగారు సింహాసనం మీంచి, అలసిపోయారు కదా, వెళ్ళి పడుకోండి అన్నాడు. తెర నల్లబడింది.

తొగావా టీవీని అరచేత్తో తట్టాడు. "ఇంతేనా?"

"ఇంతే. నీతో చెప్పడానికి మనసొప్పక..." అన్నాడు అన్న. అది రెండు వారాల క్రితమే చూసేసిన చిహాయా తల వంచుకుని కేకుల డబ్బా తాడు విప్పడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున తొగావా బల్ల మీద ఆయన తెచ్చి పెట్టుకున్న కొత్త గుడ్డమూట ఉంది. అందులో ఉన్నది ఆ ఆట రెండో భాగమని తెలిశాక, పదింటికల్లా ఆఫీసులో నలుగురికి జ్వరం వచ్చింది.