స్టేజీ ఎక్కిన సైకిలు

ఆ ఆదివారం నరహరి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. అయిదింటికి లేవాలి. సైకిల్‌కు గాలి కొట్టాలి. అయిదున్నరకు చౌరస్తాలో సాంబయ్యను కలవాలి. ఇద్దరూ చెరో సైకిల్ మీద హైవే పట్టి పక్క ఊరు కామ్‌రేజ్ దాకా పోయి, రెండేసి చాయ్‌లు తాగి, పదింటికల్లా ఇల్లు చేరాలి. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం చేస్తున్నదే. కానీ ఇది చివరిది. మగ్గాల మోతకు చెవులు అరిగిపోయిన సాంబయ్య మర్నాటి రైలుకు సొంతూరు సిరిసిల్ల వెళ్లిపోతున్నాడు, మళ్లీ రాడు. ఇంత చిన్న కోరిక తీరడానికి మనిషికి ఎవరి అనుమతి కావాలండీ? నరహరికి మాత్రం బామ్మర్ది అనుమతి కావలసి వచ్చింది.

నరహరి పరాయి రాష్ట్రానికి వలస వచ్చి, పల్సానాలో ఒక సేఠ్ పవర్‌లూమ్ షెడ్డులో మాస్టర్‌గా ఉన్నాడు. మగ్గం చెడితే బాగుచేస్తాడు, చెడకపోతే ఎప్పుడు చెడుతుందా అని చూస్తూ నిలబడతాడు. వారానికి ఆరు రోజులు, రోజుకు పన్నెండు గంటలు చూడడమే అతని ఉద్యోగం. అందుకని ఏడో రోజు అతనికి దేన్నీ చూడబుద్ధి కాదు, తొక్కబుద్ధి అవుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ చేశారంటే వాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

మెట్లు దిగి చూస్తే సైకిల్ లేదు.

"ఎవడ్రా నా సైకిల్ ఎత్కపోయింది!"

ఆ అరుపుకు మూడంతస్తుల్లోనూ లైట్లు వెలిగాయి. వాచ్‌మన్ బక్కయ్య ఒక కాలికే చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. నరహరి అతని కాలర్ పట్టుకున్నాడు.

"గేటు కాడ కూసొని ఏం చేస్తున్నవ్? పన్నవా?"

"నన్నెందుకు పట్టుకుంటవన్నా? నిన్న సందెకాడ నీ బామ్మర్దే తీస్కపాయె. తాళంచెవి అక్కనే ఇచ్చింది."

దొంగతనమని లేచిన జనానికి ఇది బామ్మర్దుల వ్యవహారమని తెలిసి కాస్త నిరాశ కలిగింది. అయినా ఎవరూ లోపలికి పోలేదు. పై బాల్కనీలో అతని భార్య భాగీరథి నింపాదిగా కొప్పు ముడేసుకుంటోంది.

"జర మెల్లగ మాట్లాడయ్యా. దొంగలు గిట్ల ఎత్కపోలే. తమ్ముడు తెలుగు సమాజం హాల్ల పెట్టిండు. నీకు సన్మానమట."

"నాకెందుకే సన్మానం? నేనేం చేసిన?"

"సైకిల్ తొక్కుతవ్ గద."

"తొక్కనిస్తే గదనే తొక్కేది!"

సాంబయ్యకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. చౌరస్తాకు పరుగెత్తాడు. అక్కడ సాంబయ్య లేడు, అతని సైకిలూ లేదు. ఇరవై ఏళ్లలో ఒక్క ఆదివారం ఆలస్యం కాని మనిషి చీకట్లో నిలబడి నిలబడి, చివరికి ఒంటరిగా కామ్‌రేజ్ దారి పట్టి ఉంటాడని నరహరికి అర్థమైంది. చివరి ఆదివారం మోసం చేశాడనుకోడూ? సైకిల్ దొరికితే ఇప్పుడైనా అందుకోవచ్చు. హాలు వైపు తిరిగాడు.

హాల్లో స్టేజీ మీద నిలబెట్టి ఉంది సైకిల్. దానికి తలంటు పోసినట్టున్నారు. హ్యాండిల్‌కు బంతిపూల దండ, బెల్లుకు కుంకుమ బొట్టు, చక్రాలకు చీరల మెరుపు లేసు. వెనక పెద్ద తెల్ల తెర. పైన బ్యానర్: 'సైకిల్ ప్రేమికుడు శ్రీ నరహరి గారికి సన్మానం, విదేశీ సైకిల్ రేసు ప్రదర్శన.' సమాజం కార్యదర్శి వరప్రసాద్ చేతులు చాచుకుని ఎదురొచ్చాడు. ఇతగాడు భాగీరథికి తమ్ముడు, ఊళ్లో ఎవరికి సన్మానం జరిగినా దానికి కారకుడు.

"రా బావా! సైకిలంటే నువ్వు ప్రాణమిస్తవ్ గద. అందుకే గంటన్నర రేసు వీడియో తెప్పిచ్చిన. కూసొని హాయిగ చూడు."

"ఒరేయ్, నాకు బువ్వంటే గూడ ఇష్టమే. అని ఎవడో తింటుంటే ఎదురుంగ కూసొని చూడుమంటవా?"

"గట్లెందుకంటవ్ బావా..."

"నా సైకిల్ నాకియ్యి. సాంబన్న ఒక్కడే పొయ్యిండు."

సాంబయ్య పేరు వినగానే వరప్రసాద్ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆ ఆగడాన్ని గమనించే ఓపిక నరహరికి లేదు. స్టేజీ ఎక్కి చక్రానికి చుట్టిన లేసు పీకడం మొదలుపెట్టాడు. సగం పీకాడో లేదో, గుమ్మంలో సేఠ్ కారు దిగాడు. ప్రొజెక్టర్ ఇచ్చిన దాత ఆయనే. నగరంలోని ఆల్థాన్ నుంచి పొద్దున్నే అంత దూరం వచ్చిన యజమాని రెండు చేతులూ జోడించి నవ్వుతుంటే, చేతిలో లేసుతో నరహరి ఏం చేస్తాడు? మొదటి వరసలో సేఠ్ పక్కన కూలబడ్డాడు.

లైట్లు ఆర్పారు. రేసు మొదలైంది. రంగురంగుల చొక్కాలవాళ్లు ఒక వందమంది నడుములు వంచి తొక్కుతున్నారు. గంటసేపు తొక్కారు. మధ్యలో పొలాలు వచ్చాయి, కోటలు వచ్చాయి, ఆవులు వచ్చాయి. చాయ్ బండి ఒక్కటీ రాలేదు. ఒక్కడూ ఆగలేదు, ఒక్కడూ పక్కవాడితో మాట్లాడలేదు. నరహరి కాళ్లు కుర్చీ కింద వాటంతట అవే కదులుతున్నాయి. ఇదేం సైకిల్ తొక్కడం అని లోపల ఉడికిపోతున్నాడు.

వెనక నుంచి ఎవరో అడిగారు. "నరహరన్నా, ముంగటున్నోడే గెలుస్తడా?"

"వాని మొఖం! ఎన్కోళ్లందరు కల్సి మింగుతరు వాన్ని!"

అది కోపంతో అన్న మాట. అయితే పది నిమిషాలకు వెనక గుంపు వచ్చి ముందున్నవాణ్ని నిజంగానే మింగేసింది. హాలంతా చప్పట్లు. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. పసుపు చొక్కావాడు ఏమవుతాడంటే "పడి సస్తడు" అన్నాడు. మలుపులో వాడు పడ్డాడు. పాపం చావలేదు, లేచి మళ్లీ ఎక్కాడు. సేఠ్ నరహరి వైపు తిరిగి, ఇన్నాళ్లూ నా షెడ్డులో ఇంత విద్వాంసుణ్ని పెట్టుకుని గుర్తించలేకపోయానే అన్నట్టు చూశాడు. వెంటనే రేసు ఆపించి, లైట్లు వేయించి, శాలువా తెమ్మన్నాడు.

శాలువా భుజాన పడగానే నరహరి దాన్ని వేళ్లతో తడిమాడు. అంచు దగ్గర అడ్డనేత పేకలో ఒక పోగు తప్పింది. తమ షెడ్డు సరుకే. దాంతో మిగిలిన కాస్త నిగ్రహమూ పోయింది. మైకు లాక్కున్నాడు.

"ఆరు దినాలు నేను చేసేది చూసుడే! మగ్గం చూసుడు, పోగు చూసుడు. ఒక్క ఐతారం తొక్కుకుందమంటే, ఎవడో తొక్కంగ చూడుమంటరా? దీనికి ఓవర్‌టైం ఎవడిస్తడు? నా దోస్తు ఆడ ఒక్కడే పోతుంటే నన్నీడ కట్టేస్తరా?"

సేఠ్‌కు తెలుగు రాదు. ఏమంటున్నాడని వరప్రసాద్‌ను అడిగాడు. ఇంత ఆనందం జన్మలో ఎరగనంటున్నాడని వరప్రసాద్ హిందీలో చెప్పాడు. సేఠ్ కరిగిపోయాడు. ఇకమీదట ప్రతి ఆదివారం ఇదే హాల్లో రేసు వేయిస్తాననీ, నరహరి వివరిస్తాడనీ అక్కడికక్కడే ప్రకటించాడు. ఒక్క ఆదివారం పోయిందని ఏడుస్తుంటే అన్ని ఆదివారాలూ పోయాయి.

చప్పట్ల మధ్య నరహరి జనం వైపు చూశాడు. మూడో వరసలో, వేయించిన పల్లీల పొట్లం ఒళ్లో పెట్టుకుని, సాంబయ్య.

నరహరి స్టేజీ మీంచి దూకాడు. "సాంబన్నా! నువ్వీడ కూసున్నవా? నేను చౌరస్తల ఉరుకుతున్న, నీకు ఫోన్ కొడుతున్న!"

"కూసోరా. రేసు మల్ల పెట్టుమను. ఇంక పదమూడు కిలోమీటర్లే ఉన్నది."

"ఆఖరి ఐతారం కామ్‌రేజ్ పోవాల్నంటిమి గద!"

సాంబయ్య పల్లీల పొట్లం మడిచాడు. "మోకాళ్లు పోయినయిరా. ఆర్నెల్లాయె. ప్రతిసారి సచ్చీ చెడీ తొక్కిన. ఇగ నాతోని గాదు. గందుకే నేనే వరప్రసాద్‌తోని చెప్పి ఇదంత పెట్టిచ్చిన. ఫోన్ గూడ నేనే బంద్ చేసిన."

"నాకు చెప్తే ఏం పోయేది?"

"ఎప్పుడు చెప్పాలె? ఇరవై ఏండ్ల సంది నువ్వు ముంగట, నేను ఎన్క. నీ వీపు తప్ప నేనేం చూసిన? ఒక్కసారన్న ఎన్కకు తిరిగినవా? పొయ్యే ముంగట ఒక్క పూటన్న పక్కపక్కకు కూసుందమనుకున్న. నువ్వు వచ్చి సేఠ్ పక్కకు కూసుంటివి."

శాలువాలో తప్పిన ఒక్క పోగు పట్టుకున్న నరహరి కళ్లకు ఆరు నెలలుగా ఇది కనబడలేదు. అప్పటికీ కోపం తగ్గలేదు, పెరిగింది కూడా. అది ఎవరి మీదో మాత్రం పైకి చెప్పలేకపోయాడు. స్టేజీ ఎక్కి సైకిల్‌ను దండతో సహా కిందికి దించాడు. శాలువాను నాలుగు మడతలు పెట్టి క్యారియర్ మీద వేశాడు.

"ఎక్కు."

"రేసుల ఎవడు గెలుస్తడో చూడనియ్యరా, మస్తుగున్నది. కాళ్లు నొయ్యకుంట గింత దూరం వచ్చినం..."

"ఎక్కుతవా లేదా!"

సాంబయ్య ఎక్కాడు. యే క్యా హై, ఇదేమిటి అని సేఠ్ కంగారుగా అడిగాడు. ఇది కూడా ప్రోగ్రామే సేఠ్‌జీ అన్నాడు వరప్రసాద్, జీవితంలో రెండో తర్జుమా చేస్తూ. అంతే, హాలు హాలంతా వీధిలోకి పరిగెత్తింది. బంతిపూలు రాలుతూ, లేసు చక్రాల్లో చిక్కుకుంటూ ఆ సైకిల్ పోతుంటే సేఠ్ జేబురుమాలు తీసి ఊపాడు. లోపల ఎవరో ప్రొజెక్టర్ మళ్లీ ఆన్ చేసినట్టున్నారు. కాసేపటికి తెర మీద ఒకడు గెలిచి రెండు చేతులూ ఎత్తాడు. చూడడానికి ఒక్కడూ లేడు.

వాళ్లు కామ్‌రేజ్ చేరలేదు. వెనక ఒక మనిషిని మోస్తూ యాభై ఎనిమిదేళ్ల నరహరి రెండో వంతెనకే రొప్పుతూ దిగిపోయాడు. అక్కడ చాయ్ బండి పక్కన ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. సాంబయ్య మోకాళ్ల గురించి నరహరి ఆర్నెల్ల తిట్లూ ఒక్కసారే తిట్టాడు. సాంబయ్య పల్లీలు తింటూ అన్నీ విన్నాడు. రెండేసి చాయ్‌లనుకున్నవి నాలుగేసి అయ్యాయి.

ఆ రేసులో ఎవడు గెలిచాడో చూడనివ్వలేదని సాంబయ్య ఇప్పటికీ ప్రతి ఆదివారం సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి నరహరిని తిడుతూనే ఉన్నాడు.