పెరియసామికి చెవులు కుట్టించిన వైనం

"నేటినుంచి స్వదేశీ కారులో తప్ప మరే కారులోనూ నా కాలు పెట్టను" అని పుదూరు కొండప్ప నాయక్కర్ గారు కోవిల్‌పట్టి సంత మైదానంలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవారు మావారు. ఆ ఉపన్యాసం రాసిచ్చింది ఆయనే. నాయక్కర్ గారికి ఆయన సెక్రటరీ. మాకు పెళ్ళయి నలభై రోజులే కావడంవల్ల ఆయన ఏం రాసినా నాకు అద్భుతంగా ఉండేది.

జిల్లా బోర్డు ఎన్నికలు దగ్గర పడ్డాయి. పార్టీ అధ్యక్షులవారు శనివారం మద్రాసునుంచి విరుదునగర్‌లో దిగుతున్నారు. స్వదేశీ వాహనంతో స్టేషనుకు వచ్చి స్వాగతం చెప్పిన వారికే టిక్కెట్టు అని సర్క్యులర్ వచ్చింది. కడంబూరునుంచి పోటీదారు ఒకాయన ఎద్దులబండి సిద్ధం చేసుకున్నారు. నాయక్కర్ గారికి అది నచ్చలేదు. ఎద్దులబండి దిగినవాడికి ఎవరు దండం పెడతారని ఆయన ప్రశ్న. టిక్కెట్టూ కావాలి, కారూ కావాలి.

చిక్కల్లా ఒకటే. మన దేశంలో కార్లు తయారు కావు. నాయక్కర్ గారి షెడ్డులో పది రోజుల కిందట కొన్న నల్లటి కారు ఒకటి నిగనిగలాడుతోంది. అది ఓడ దిగి వచ్చింది.

"ఏమప్పా సెక్రటరీ, దీన్ని స్వదేశీ చేసేదానికి దోవ ఏమన్నా ఉండాదా?"

మావారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. కళ్ళు మూసుకుంటే ఆయన మరీ బాగుంటారు. "అయ్యా, మనవాళ్ళు మాత్రం ఈ కరిసల్ నల్లరేగడి నేలలోనే పుట్టారా? ఎప్పుడో ఉత్తరాన్నుంచి వచ్చారు. ఈ మట్టి తిన్నాం, ఈ ఊరివాళ్ళం అయినాం. విరుదుపట్టికి పేరు మార్చి పన్నెండేళ్ళు కాలేదు, విరుదునగర్ కాలేదా? కారును మీరు దత్తు తీసుకోండి. మీ వంశంలోకి వచ్చినాక విదేశీ అనేది ఎవరు?"

నాయక్కర్ గారు లేచి మావారిని కౌగలించుకున్నారు. ఆయన భార్య వల్లియమ్మాళ్ గారు మాత్రం కూర్చునే ఉన్నారు.

"ఇరవై ఏండ్లుగా మా తమ్ముని కొడుకును దత్తు తీసుకోమంటా ఉండాను. అప్పుడు వినపడలా. ఇప్పుడు దీన్ని తెచ్చి నా ఒళ్ళో వేస్తారా?"

"వాడు విరుదునగర్ దాకా మోస్తాడా నన్ను?" అన్నారు నాయక్కర్ గారు.

శుక్రవారం ఉదయం దత్తత జరిగింది. ముందు పుట్టువెంట్రుకలు. కారుకు వెంట్రుకలేవని పురోహితుడు అడిగాడు. పైనున్న గుడ్డ టాపు విప్పేశారు. గుండు చక్కగా వచ్చింది. తర్వాత చెవులు. దీపాలని కొందరు, తలుపులని కొందరు అన్నారు. మడ్‌గార్డులే అని మావారు తేల్చారు. కంసాలి ఆచారి వచ్చి రెండింటికీ బెజ్జాలు వేసి బంగారు పోగులు తొడిగాడు.

చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. మేనమామ అంటే వల్లియమ్మాళ్ గారి తమ్ముడు తంగసామి. దత్తు పోవలసిన పిల్లవాడి తండ్రి.

"ఒళ్ళో ఎక్కించుకునేది ఎట్ట బావా? నాకు ఉండేది రెండు తొడలే."

"మేనమామవు కద, కొంచెం ఓర్చుకో."

"ఓర్చుకునేదానికి నేను మిగలాల కద."

చివరికి స్టెప్నీ టైరు విప్పి తంగసామి గారి ఒళ్ళో పెట్టారు. పోగులు తొడుగుతున్నంతసేపూ డ్రైవరు మునియప్పన్ బిడ్డ తరఫున హారను నొక్కి ఏడ్చాడు. పెట్రోలు విదేశీ కదా అని ఎవరో గొణిగారు. కన్నతల్లి పాలు ఒక్కసారిగా మాన్పించకూడదని పురోహితుడు చెప్పాడు.

నాయక్కర్ గారు రేడియేటరు దగ్గర వంగి మూడుసార్లు పేరు పిలిచారు. వంశాచారం ప్రకారం మునిమనవడికి ముత్తాత పేరు: పెరియసామి. నాయక్కర్ గారి తాతగారి పేరది. ఆ పెద్దాయన పటం ఎదుట ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ కాళ్ళు చాపి కూర్చోరు.

శనివారం పొద్దున అందరం బయలుదేరాం. నాయక్కర్ గారు కొత్త ఖద్దరు కట్టుకుని కారు తలుపు తెరిచి కుడికాలు ఎత్తారు.

"ఏం చేస్తా ఉండారు?" అన్నారు వల్లియమ్మాళ్ గారు. "మీ తాత పేరు పెట్టి, ఆయన మీదనే కాలు పెడతారా?"

ఎత్తిన కాలు అక్కడే ఆగిపోయింది.

"చెప్పులు విప్పేస్తానే."

"తాతను చెప్పులు విప్పి తొక్కొచ్చని మీ వంశంలో ఉండాదా?"

వంశంలో లేదు. నాయక్కర్ గారు కాలు దించారు. పది నిమిషాలు కారు చుట్టూ తిరిగారు, ఒకసారి లెంపలు కూడా వేసుకున్నారు. ఆఖరుకు తాను రైల్లో వచ్చి, విరుదునగర్ స్టేషను ముందు కారు పక్కన నిలబడతానన్నారు.

"రైలు విదేశీ కాదా బావా?" అన్నాడు తంగసామి.

"రైలుకు మన తాత పేరు పెట్టలేదు కద."

మునియప్పన్, మావారు, నేను ఆ వంశం వాళ్ళం కాము. కాబట్టి కారులో మేము వెళ్ళాం. నాకు కారెక్కడం అదే మొదటిసారి. టాపు లేకపోవడంవల్ల ఆకాశమంతా మాదే. సాత్తూరులో ఆగి దోసకాయలు కొనుక్కున్నాం. విరుదునగర్ మిరపకాయల ఘాటుకు నేను పదకొండుసార్లు తుమ్మాను. మావారు పదకొండుసార్లూ "నూరేళ్ళు" అన్నారు. స్వదేశీ ఉద్యమంలో ఇంత సుఖం ఉందని నాకు అంతవరకు తెలియదు.

అధ్యక్షులవారి రైలు వేళకు వచ్చింది. నాయక్కర్ గారి పాసింజరు రాలేదు. కడంబూరు ఎద్దులూ రాలేదు. మెడనిండా దండలతో అధ్యక్షులవారు కాగితం తీసి, తలెత్తకుండానే అడిగారు.

"స్వదేశీ తరఫున ఎవరొచ్చారు?"

"పెరియసామి వచ్చాడండి" అన్నారు మావారు, కారును చూపిస్తూ. అధ్యక్షులవారు అటు చూడలేదు.

"తండ్రి?"

"కొండప్ప నాయక్కర్ గారు. దత్తత."

"వయసు?"

"ముప్పై నాలుగు మోడలండి."

"యువకులకు మోడల్. సంతోషం. పార్టీ మాట వింటాడా?"

"ఎటు తిప్పితే అటేనండి."

"ఎదురు మాట్లాడే అలవాటు?"

"మీట నొక్కందే నోరు విప్పడు."

"ఇప్పుడెక్కడ?"

"బయట ఎండలో నిలబడి ఉన్నాడండి. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."

అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. అభ్యర్థి పెరియసామి అని రాసి, సంతకం చేసి, సీలు వేయించారు.

పాసింజరు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. నాయక్కర్ గారు పరుగెత్తుకుంటూ వచ్చి కాగితం చదివారు. మళ్ళీ చదివారు.

"దీన్ని మార్చేదానికి కాదా?" అని మెల్లగా అడిగారు.

"సీలు పడిందండి" అన్నారు మావారు.

నాయక్కర్ గారు బయటికి వచ్చి కారును చాలాసేపు చూశారు. తర్వాత తన మెడలోని ఖద్దరు కండువా తీసి రేడియేటరుకు చుట్టారు.

నామినేషను పత్రంలో ఏ లోపమూ లేదని ఎన్నికల అధికారి నిర్ధారించారు. నివాసం: షెడ్డు, పుదూరు. ప్రచారంలో పెరియసామి ఒక్క వాగ్దానమూ చేయలేదు, ఎవరినీ తిట్టలేదు. ఊరూరా వెళ్ళి ఊరికే నిలబడ్డాడు. గెలిచాడు.

బోర్డు మొదటి సమావేశానికి మమ్మల్ని తీసుకుని పెరియసామే వెళ్ళాడు. గుమ్మం పట్టకపోవడంవల్ల కిటికీ కిందే హాజరు వేశారు. తీర్మానానికి మావారు ఒకసారి హారను నొక్కితే సరే అని, రెండుసార్లయితే కాదని లెక్క. మధ్యలో ఒకసారి నాతో మాట్లాడుతూ ఆయన నొక్కడం మరిచిపోయారు. తీర్మానం ఏకగ్రీవమైంది. చివరిదాకా రెండు దీపాలూ తెరిచి మేలుకుని ఉన్న సభ్యుడు ఈయనొక్కరే అని మర్నాడు పత్రికలో పడింది. వచ్చే నెల ప్రెసిడెంటు ఎన్నిక. అందరూ పెరియసామి పేరే చెబుతున్నారు. ఆయన ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

నాయక్కర్ గారు ఆ రోజూ రైల్లోనే వచ్చారు. టాపు లేని కారు మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని, చెప్పులు దూరంగా విడిచి, కిటికీ కింద నిలబడ్డారు. బోర్డు ప్యూను వచ్చి ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"మీరూ మెంబరాండి?"

"లేదప్పా" అన్నారు నాయక్కర్ గారు, గొడుగు చేయి మార్చుకుంటూ. "మెంబరుకు నాయన."