మిగతా లింబాద్రి

కొక్కుల లింబాద్రికి వీసా రాలేదు గానీ, అతని కుడిచేతికి వచ్చింది. మణికట్టు దాకా, రెండేళ్లకు.

ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదని జిల్లా నైపుణ్య వలస కేంద్రం సూపరింటెండెంటు సుగుణాకరరావు గారు మొదటి నిమిషంలోనే చెప్పేశారు. ఆ వారంలో వెళ్తున్న చేతుల్లో అది పదకొండోది. అంతకుముందు వారం నాలుగు వీపులు, ఒక జత మోకాళ్లు వెళ్లాయి. వీపులు మూటలు మోయడానికి, మోకాళ్లు టైల్స్ పనికి. సుగుణాకరరావు గారిది పాతికేళ్ల సర్వీసు. మనుషులు మొత్తంగా వెళ్లే రోజులు పోయి, అవసరమైన మేరకే వెళ్లే రోజులు ఆయన కళ్లముందే వచ్చాయి. విమానంలో చోటు కలిసొస్తుందని ఆయన అభిప్రాయం.

లింబాద్రి సుతారి, అంటే గోడలు కట్టే మేస్త్రీ. అందులోనూ గిలాబు పనిలో, గోడకు సిమెంటు పూత పూసి నున్నగా తీయడంలో, చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లలో అతనికి పేరుంది. ఆ పని అంటే అతనికి ప్రాణం. పచ్చి గోడ మీద చివరిసారి తాపీ లాగేటప్పుడు పక్కన పిడుగు పడినా పలికేవాడు కాదు. ఆ ప్రాంతంలో కొత్త గోడ కనిపిస్తే జనం అరచేత్తో నిమిరి, "ఇది ఎవరి చెయ్యి?" అని అడుగుతారు. ఎవరు చేశారని అడగరు. "లింబాద్రి చెయ్యి" అంటే ఇక బేరం ఉండదు. గొడవంతా ఈ అలవాటు వల్లే వచ్చింది.

బయటి దేశం వెళ్లాలంటే పని వచ్చునని పెద్ద మేస్త్రీ ఒకరు రాసివ్వాలి. లింబాద్రికి పని నేర్పిన రాజలింగం మేస్త్రీ స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని, తెల్లకాగితం మీద ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాడు: "తెలియజేయునది ఏమనగా, లింబాద్రిది మంచి చెయ్యి. పద్దెనిమిది ఏండ్లుగా ఎరుగుదును. ఎక్కడికైనా నిరభ్యంతరముగా పంపవచ్చును."

దేన్ని పంపవచ్చునో రాయలేదు. మన భాషలో రాయనక్కర్లేదు కూడా. ముందు మాటలో ఏది ఉంటే అదే అనుకుంటాం. పరిశీలన విభాగంలో వ్యాకరణం మీద గౌరవం ఉన్న గుమాస్తా ఒకడున్నాడు. ఎరుగుదును అంటే దేన్ని? చెయ్యిని. పంపవచ్చును అంటే దేన్ని? చెయ్యిని. అలాగే రాసి ఫైలు పైకి పంపాడు. అవతలి దేశం వాళ్లు కూడా సంతోషించారట, ఇన్నాళ్లకు సూటిగా రాసినవాడు దొరికాడని.

సంగతి తెలిసి రాజలింగం పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, నేను రాసింది మనిషి గురించి."

"మనిషి అన్న మాట ఎక్కడుందో చూపించండి," అన్నారు సుగుణాకరరావు గారు, కాగితం ముందుకు జరిపి.

రాజలింగం మూడుసార్లు చదివాడు. ఎక్కడా లేదు. దిద్దిస్తానన్నాడు. దిద్దుబాటుకు కొత్త దరఖాస్తు కావాలి, కొత్త దరఖాస్తుకు కోటా కావాలి, కోటా అయిపోయింది. అంత పెద్దాయన ముఖం పసిపిల్లాడి ముఖంలా చిన్నబోయింది.

"మరి నా సంగతేంది సార్?" అని అడిగాడు లింబాద్రి.

"మీరు మిగతా," అన్నారు సుగుణాకరరావు గారు. వెటకారం కాదు. ఫారంలో 'మిగతా భాగం, పూర్తి చిరునామాతో' అని ఒక గడి నిజంగానే ఉంది.

"రెండేండ్లయినంక మల్ల నాకు అతికిస్తరా?"

"గడువు తీరాక అతికించవచ్చును అని నియమావళిలో ఉంది."

"గా ముచ్చట రాసియ్యుండ్రి."

రాసిచ్చారు. లింబాద్రికి కావలసింది ఆ ఒక్క హామీయే. తను వెళ్లలేనందుకు బాధగానే ఉంది, కానీ రెండేళ్లంటే ఎంతలోకి, చెయ్యి తిరిగొస్తే మళ్లీ తన గోడలు తను చేసుకోవచ్చు.

అతని భార్య గంగామణి మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. "చెయ్యి లేని మొగడిని నేనేం జేసుకోవాలె?" అని ఏడ్చింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి బుజ్జగించారు. "మా ఇండ్లల్ల మొగోళ్లే మొత్తానికి పోయిరి. నీకు మనిషి ఇంట్లనే ఉంటడు, చెయ్యి ఒక్కటే పోతది. నీ అసొంటి అదృష్టం ఎవలకున్నది?" అన్నారు. వాళ్ల గొంతులో నిజంగానే అసూయ ఉంది. గంగామణి ఏడుపు ఆపింది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. వీసా ఫోటో తెల్లటి నేపథ్యంతో, రెండు చెవులూ కనిపించేలా ఉండాలన్నారు. స్టూడియోవాడు చేతిని తెల్లగుడ్డ మీద పెట్టి ఫోటో తీసి, చెవుల దగ్గర 'వర్తించవు' అని రాసిచ్చాడు. డాక్టరు గోళ్లు చూశాడు. ఇక విడదీత విభాగం మూడో అంతస్తులో. టోకెన్ తీసుకుని కూర్చోవాలి. పదకొండు నిమిషాల పని, నొప్పి ఏమీ ఉండదు, ఆధార్ కాపీ మాత్రం ఉండాలి. లోపలికి వెళ్లేముందు లింబాద్రి ఆ చేత్తో కూతురు సహస్ర తల నిమిరాడు. ఆరేళ్ల పిల్ల, అర్థం కాలేదు. గంగామణి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, టోకెన్ నంబరు రెండుసార్లు పిలిచేదాకా వదల్లేదు.

బయటికి వచ్చాక లింబాద్రికి రసీదు ఇచ్చారు: 'కుడిచెయ్యి ఒకటి, మంచి స్థితిలో అందినది.'

అవతలి దేశంలో చేతులకు గదులున్నాయి. ఇంతకుముందు మనుషులుగా వచ్చినప్పుడు ఒక గదిలో పన్నెండు మంది పట్టేవారు, ఇప్పుడు అదే గదిలో అరవై చేతులు పడుతున్నాయి. వంటగది తీసేశారు, నోళ్లు రాలేదు గనుక. నోళ్లు రాకపోవడం వల్ల ఇంకో మేలు జరిగింది. ఆ రెండేళ్లలో కంపెనీ మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఈ విషయం కంపెనీవాళ్లు గొప్పగా పుస్తకం అచ్చేసి చెప్పుకున్నారు. అట్ట మీద చేతుల బొమ్మ వేశారు, నమస్కారం పెడుతున్నట్టు. అన్నీ కుడిచేతులే, అయినా ఎలాగో జత చేశారు.

శుక్రవారం శుక్రవారం ఫోన్ వచ్చేది. తెరమీద చెయ్యి కనిపించి, వేళ్లు ఆడించేది. సహస్ర "బాపూ!" అని ఫోన్ ముద్దుపెట్టుకునేది. ఆ పక్కనే కూర్చుని ఉన్న లింబాద్రి మొదట్లో "నేనిక్కడున్న బిడ్డా" అనేవాడు. తర్వాత్తర్వాత అనడం మానేశాడు. పిల్ల తప్పేం లేదు. బట్టలు, బడి ఫీజు, బొమ్మలు అన్నీ పంపేది ఆ చెయ్యే కదా.

లింబాద్రి ఊరికే కూర్చోలేదు. ఎడమచేత్తో తాపీ పట్టి చూశాడు. గోడ అలలు అలలుగా వచ్చింది. ఎంత సిమెంటు మాలు వెయ్యాలో, ఎప్పుడు నీళ్లు చల్లాలో, ఎక్కడ ఒత్తాలో అంతా తెలుసు, చెప్పగలడు కూడా. కానీ పని ఇచ్చేవాళ్లు మొహమాటపడ్డారు. "నీకు తెల్సు అన్నా, కాదనం. కానీ తెలిసింది ఇక్కడ లేదు గదా," అన్నారు. ఊళ్లో లింబాద్రులు నలుగురున్నారు. ఎవరన్నదీ తెలియడానికి ఇతన్ని మిగతా లింబాద్రి అని పిలవడం మొదలుపెట్టారు. రేషన్ షాపువాడు కూడా అలాగే రాసుకున్నాడు. లింబాద్రి పలికేవాడు.

రెండేళ్లు నిండాయి. చెయ్యి ఇరవై రోజుల ఛుట్టీ మీద వచ్చింది. ఊరంతా వచ్చి దాంతో కరచాలనం చేసింది. బొటనవేలి గోరు ఊడిపోయి ఉంది. అరచెయ్యి సిమెంటుకు తెల్లగా పగిలి, పట్టుకుంటే గరుకుగా తగిలింది. మూడు రోజులు దుప్పటి కింద కదలకుండా పడుకుంది. గంగామణి వెన్న తెచ్చి రాసింది. రాస్తూ రాస్తూ ఏడ్చింది. "ఇగ పంపద్దు. అతికించుకో. ఉన్నదాంట్ల తింటం," అంది. లింబాద్రి కూడా ఆ మాట కోసమే చూస్తున్నాడు. చేతిని చేతిసంచిలో పెట్టుకుని, హామీ కాగితం జేబులో పెట్టుకుని, భార్యతో జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు. అంత సంతోషంగా అతను ఆ రెండేళ్లలో ఎప్పుడూ లేడు.

సుగుణాకరరావు గారు కాగితం చదివి ఒప్పుకున్నారు. హామీ హామీయే. బల్లమీద రెండు ఫారాలు పెట్టారు. ఒకటి అతికింపుకు, ఒకటి గడువు పొడిగింపుకు. ఎవరినీ బలవంతపెట్టకూడదు కనుక రెండూ పక్కపక్కన పెట్టాలని నియమం.

"అతికింపు కాయిదమే సార్," అన్నాడు లింబాద్రి.

"సంతకం పెట్టండి."

లింబాద్రి ఎడమచేత్తో పెన్ను తీసుకున్నాడు.

"మీరు కాదు. మొదటి ఫైల్లో ఉన్న సంతకంతో సరిపోవాలి. అది పెట్టాలి."

న్యాయమే. లింబాద్రి చేతిని సంచిలోంచి తీసి బల్లమీద పెట్టి వేళ్ల మధ్య పెన్ను ఇరికించాడు. చెయ్యి రెండు కాగితాలనూ తడిమింది. అతికింపు ఫారం మన ఆఫీసు కాగితం, పల్చగా, ముడతలుగా ఉంది. పొడిగింపు ఫారం అవతలి దేశానిది, మందంగా, నున్నగా ఉంది. రెండేళ్లుగా ప్రతి నెలా అలాంటి కాగితం మీదే, పైన ఏముందో తెలియకుండా, కింద సంతకం పెట్టడం దానికి అలవాటు.

"అది కాదు! అది కాదే!" అని లింబాద్రి అరిచాడు. చేతికి వినపడదు. అడుగున ఎక్కడ పెట్టాలో అక్కడ గుండ్రంగా, ఒక్క వంకర కూడా లేకుండా సంతకం పెట్టి, పెన్ను పక్కన పెట్టేసింది.

గంగామణి చేతిని లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "దానికేం ఎరుక సారూ? అది ఒట్టి చెయ్యి," అంది.

"ఒట్టి చెయ్యే అమ్మా," అన్నారు సుగుణాకరరావు గారు జాలిగా. "కానీ దరఖాస్తుదారు అదే. ఈయన మిగతా. మిగతా అభ్యంతరం చెప్పే గడి ఫారంలో లేదు."

ఆయన ఫైలు తిరగేసి, మరో కాగితం బయటికి తీశారు. కుడిచెయ్యి ఒంటరిగా ఉండడం వల్ల పని మందగిస్తోందని కంపెనీ రాసింది. మాలు పలక పట్టుకునేందుకు ఒక ఎడమచెయ్యి కావాలి. బంధుత్వం ఉంటే కుటుంబ కోటాలో వెంటనే వీసా ఇస్తారు. తోబుట్టువు అని రాస్తే సరిపోతుంది.

"కుటుంబ కోటాల నేను పోరాదా సార్?" అని అడిగాడు లింబాద్రి.

ఆయన నియమావళి మొదటి నుంచి చివరిదాకా చూశారు. నిజంగానే చూశారు. "మీకూ దానికీ బంధుత్వం ఏమని రాయాలి?" అన్నారు. గంగామణి చేతిని మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక భార్యాభర్తలు వారం రోజులు ఆ మాట ఎత్తలేదు. ఎనిమిదో రోజు చేతికి వెన్న రాస్తూ గంగామణే అంది. "ఒక్కతే పోయి ఒక్కతే ఉంటది. జ్వరమొస్తే ముట్టి చూసే దిక్కుండదు. రెండుంటే ఒకదానికొకటి తోడుంటయ్."

"అవు," అన్నాడు లింబాద్రి. "తోడుంటయ్."

ఎడమచేతికి పదకొండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండూ పక్కపక్క సీట్లలో, వేళ్లలో వేళ్లు పెట్టుకుని వెళ్లాయని విమానాశ్రయం నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. గంగామణికి ఆ మాట విన్నాక కొంచెం మనసు కుదుటపడింది. లింబాద్రికి అన్నం ఆమే కలిపి పెడుతుంది, చొక్కా ఆమే తొడుగుతుంది. చేతుల నుంచి నెలనెలా కబురొస్తుంది. పని బాగుందట.

మొన్న జనాభా లెక్కలకు టీచరమ్మ వచ్చింది. కొత్త మనిషి, ఈ ఊరిది కాదు. గంగామణి బియ్యం చెరుగుతోంది. లింబాద్రి ఆమె పక్కనే చాప మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?"

"నేను, నా బిడ్డ మేడం."

"మీ ఆయన?"

"బయటి దేశంల ఉన్నడు."

టీచరమ్మ పెన్ను ఆపి చాప వైపు చూసింది. లింబాద్రి గొంతు సవరించుకున్నాడు.

"ఛుట్టీ ఇంకా దొరకలేదట మేడం," అన్నాడు.

టీచరమ్మ 'ఇద్దరు' అని రాసుకుని, పక్కింటికి వెళ్లింది.