బోణీ కాకముందు అడిగిన లెక్క

ఆరోజు ధనంజయ చేయవలసిన పనులివి: పాకాల బజారులో అంగళ్ళన్నీ తిరగడం, ఏ సరుకు ఎంత అమ్ముడుపోతున్నదో రాసుకోవడం, శకుంతలమ్మ హోటల్లో టిఫిన్ల అమ్మకం కనుక్కోవడం, మధ్యాహ్నం బస్సులో చిత్తూరు నుంచి వచ్చే పై అధికారి గంగాధరానికి ఆ వివరాలు అందించడం.

జనం అంగళ్ళలో, హోటళ్ళలో పెట్టే ఖర్చును బట్టే జిల్లా బాగోగులు తెలుస్తాయని గణాంక శాఖ నమ్మకం. డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో ఆ శాఖలో ధనంజయది తాత్కాలిక ఉద్యోగం. వివరాలు సరిగా ఉంటే ఖాయం చేయిస్తానని గంగాధరం మాట ఇచ్చాడు. లేకుంటే బంగారుపాళ్యంలో మామిడితోటకు కాపలా ఉండే నాయన దగ్గరికి తిరిగి పోవలసిందే. కొడుకు ఆఫీసరని నాయన ఊరంతా చెప్పేసి ఉన్నాడు.

హోటలు ఆ పూట మూసి ఉంది. మొక్కు తీర్చుకోవడానికి శకుంతలమ్మ తొలి బస్సుకే కాణిపాకం వెళ్ళింది. ఆ సంగతి, హోటలు వెనక గదిలో అద్దెకుండే ధనంజయకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సరే, ముందు అంగళ్ళు చూద్దామని అతను గుడ్డల అంగడి రాజారత్నం దగ్గరికి పోయి, నిన్నటి వ్యాపారం ఎట్లా సాగిందని అడిగాడు.

"బోణీ కాకముందే లెక్కలడిగితే యాపారం సాగుతుందా నాయనా? ముందు ఏదన్నా కొను. ఆపైన అడుగు."

ధనంజయ అన్నిటికన్నా చవకైన తెల్లగుడ్డ ఒక ముక్క కొన్నాడు. కుండల అంగట్లోనూ అదే మాట. చిన్న కుండ కొన్నాడు. పక్క అంగట్లో తాడు, ఆ పక్క అంగట్లో బొరుగులు కొన్నాడు. అన్నీ మోసుకుని వెదుళ్ళ అంగడి చేరి, చవకగా రెండు వెదుళ్ళు ఇమ్మన్నాడు.

వెదుళ్ళమ్మే మునివెంకటప్ప అతని చేతుల్లో ఉన్న సరుకులను ఒక్కొక్కటే చూశాడు. గొంతు తగ్గించి, "ఎవురింటికప్పా?" అన్నాడు.

"శకుంతలమ్మ ఇంటికే. రేటు ఏమన్నా తగ్గించు."

"ఈటికి బేరమాడగూడదు నాయనా. తీసకపో."

అతను అటు తిరగ్గానే మునివెంకటప్ప అంగడి మూసేశాడు. పొద్దున హోటలు ఎందుకు తెరవలేదో ఇప్పుడు బజారుకంతా అర్థమైంది. ధనంజయ ఒక అంగడి మెట్టెక్కేలోపల దాని తలుపులు పడుతున్నాయి. తనను అమ్మకం పన్ను వాడనుకుంటున్నారేమోనని భయపడి, భుజాన వెదుళ్ళతో, చంకన కుండతో, ఒక్క నిమిషం ఆగండని బతిమాలుతూ బజారంతా పరుగెత్తాడు. చూసినవాళ్ళు, అద్దెకుండే పిల్లోడికే ఇంత దుఃఖమా అని కళ్ళు తుడుచుకున్నారు.

ఇక చేసేదేమీ లేక గదికి వస్తే, హోటలు ముందు జనం. పూలమ్మే భారతమ్మ ఒళ్ళో దండ పెట్టుకుని, "ఇంత గట్టి చెట్నీ మాకింక యాడ దొరుకుతుంది అక్కా" అని ఏడుస్తోంది. కాణిపాకం బస్సుకు ఏదో జరిగిన కబురు వచ్చినట్టుందని ధనంజయకు తోచింది. అద్దె విషయంలో ఒక్కనాడూ గట్టిగా అడగని మనిషి. సరుకులన్నీ దించి, వాటి మధ్యే కూలబడి ఏడ్చాడు. దాంతో, ఎవరికైనా ఇంకా అనుమానం మిగిలి ఉంటే అదీ తీరిపోయింది.

మధ్యాహ్నం బస్సులో గంగాధరం దిగాడు. అంగళ్ళన్నీ మూసి ఉండటం చూసి, ఇవాళ బందా అని, దారిలో కాణిపాకంలో ఎక్కి తనతోపాటు దిగిన పెద్దావిడను అడిగాడు. ఆవిడ నేరుగా తన హోటలు ముందున్న గుంపు దగ్గరికి నడిచింది.

"ఎవురు పోయింది?" అంది శకుంతలమ్మ.

భారతమ్మ దండను కొంగు కింద దాచుకుంది. శకుంతలమ్మ వెదుళ్ళను, కుండను, ధనంజయను చూసింది. తిట్టవలసినంత తిట్టింది. తర్వాత, పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తినలేదని ఆ మొహాలు చూసి తెలుసుకుని పొయ్యి అంటించింది. చావింటికి వచ్చి స్నానం చెయ్యకుండా ఎట్లా తినేదని రాజారత్నం నసిగాడు.

"సచ్చినదాన్ని నేనే చెప్తా ఉండా. కూర్చోని తినప్పా."

ఊరు ఊరంతా తింది. దోసెపిండి అయిపోయి ఉప్మా చేసింది, రవ్వ అయిపోతే బజారుకు మనిషిని పంపింది. అంగళ్ళు తెరుచుకున్నాయి. పూటంతా ఆగిపోయిన జనం ఒక్కసారిగా వాటి మీద పడ్డారు. గంగాధరం ఒక చేత్తో ఉప్మా తింటూ, రెండో చేత్తో ధనంజయ భుజం తట్టి, పాకాలలో ఇంత కొనుగోలు ఉందని జిల్లాలో ఎవరికీ తెలియదన్నాడు.

ధనంజయ జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. పొద్దుటి అమ్మకాలన్నీ తనవేనని, ఇవి చావుకు వచ్చినవాళ్ళవని ఒప్పుకున్నాడు.

"ఎందుకు కొన్నారని మనల్ని ఎవరూ అడగరయ్యా" అని గంగాధరం ఇంకో ప్లేటు ఉప్మా చెప్పాడు.

ఉద్యోగం ఖాయమైంది. ప్రజల కొనుగోలు శక్తి పెరిగిందని మీరెప్పుడైనా చదివితే, తన చావుకు వచ్చినవాళ్ళకు తానే టిఫిను పెట్టిన శకుంతలమ్మను ఒకసారి తలుచుకోండి.