మోటార్లకు ఆషాఢం

బాగుచేసిన వస్తువు మళ్ళీ చెడిపోకపోవడం జాతికి నష్టమని తీరాంధ్ర నగర రైలు సంస్థ ఈ ఏడాది కనిపెట్టింది. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకపోవడం వల్లనే ఎన్నో షెడ్లు నిష్కారణంగా మంచిపని చేసి చెడ్డాయని ఆ సంస్థ సుస్థిరతా విభాగం సలహాదారు సుహాసిని గారు ఒక సర్క్యులర్లో బాధపడ్డారు. (సర్క్యులర్లో బాధపడ్డానికి చివర ఒక పేరా ప్రత్యేకంగా కేటాయిస్తారు.)

ఆ సర్క్యులరు నెల్లిమర్ల మోటారు షెడ్డుకి చేరేసరికి ఇన్‌చార్జి తిరుమలరావు టిఫిను తింటున్నాడు. చదివాక ఇడ్లీ పళ్ళెం పక్కకి నెట్టేశాడు పాపం. విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్య తిరిగే టౌను రైళ్ళ మోటార్లు కాలిపోతే వచ్చేది ఆయన షెడ్డుకే. కాలిన మోటారును తుక్కులో పారేసి కొత్తది తెప్పించకుండా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ చేతనే రాగితీగ కొత్తగా చుట్టించి, బేరింగులు మార్పించి, మళ్ళీ పట్టాలెక్కించాలని పథకం. దానికి ‘సుస్థిర స్థానిక సంరక్షణ’ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన రోజున అందరికీ భోజనాలు కూడా పెట్టారు.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ‘తిరిగిరాక సూచి’ అనే కొత్త కొలతతో. ఒక షెడ్డు నుంచి వెళ్ళిన మోటార్లలో ఎన్ని తిరిగి అదే షెడ్డుకి వస్తున్నాయో చూసి దాని అవసరం ఎంతో తేలుస్తారు. పక్క జిల్లాలో ఒక ప్రైవేటు షెడ్డుంది. అక్కడ పూసిన వార్నిషు ఆరకముందే మోటారు తిరిగొచ్చేస్తుంది. దానికి ‘నమ్మకమైన ఖాతాదార్లున్న షెడ్డు’ అని అయిదు నక్షత్రాలిచ్చారు. నెల్లిమర్లకు సున్నా వచ్చింది. ఆషాఢం వెళ్ళేలోగా సున్నా మారకపోతే షెడ్డుకి తాళం, అందులో తీగ చుట్టే ఆడవాళ్ళందరికీ ఉద్వాసన అని సర్క్యులరు ఆఖరి ఆదేశం. బాధపడ్డ పేరా దీని తర్వాతే వస్తుంది.

ఈ సున్నాకి కారణం జగ్గమ్మ. ఆడవాళ్ళ జట్టుకి ఆవిడే పెద్ద. చెయ్యి గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. మోటారు షెడ్డు దాటేటప్పుడు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపుతాడు కట్టి, ఆడపిల్లని అత్తారింటికి సాగనంపినట్టు సాగనంపడం ఆవిడ పెట్టిన ఆనవాయితీ. అయితే ఆడపిల్లకి ‘ఎల్లిరా’ అంటారు గదా, ఈవిడ మాత్రం మోటారు వీపు మీద చరిచి, “ఎలిపో తల్లీ, మరి రాకు” అంటుంది. వెళ్ళినవి వెళ్ళినట్టే ఉండిపోయేవి. ఇంతమంది కడుపు కొట్టే దీవెన అదని ఆవిడకెవరు చెప్పగలరు?

తిరుమలరావే చెప్పబోయాడు. పని కొంచెం చూసీచూడనట్టు చేస్తే అందరికీ మంచిదని నసిగాడు. ఆవిడ చేతిలో తీగ ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఏటి బాబూ, కావాలని సెడగొట్టమంతన్నారా? నా సేతికి అది రాదు. నేర్పించడానికి ఎవుల్నయినా పిలిపించండి.”

సంస్థ నిజంగానే పిలిపించింది. నగరం నుంచి ఒక శిక్షకుడొచ్చి ‘నాణ్యతలో మితం’ అనే విషయం మీద రెండు పూటలు పాఠం చెప్పి పరీక్ష పెట్టాడు. ఆడవాళ్ళందరూ తప్పారు. ధ్రువపత్రాలు మాత్రం అందరికీ ఇచ్చారు, అచ్చు వేయించేశారు కాబట్టి.

తిరుమలరావుకి బెంగ పట్టుకుంది. షెడ్డు పోతే ఆ ఆడవాళ్ళ మొహాలు ఎలా చూడాలో తెలియలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే, మొన్న మాఘంలో పెళ్ళయిన కూతురు శ్రావణి సంచీతో ఆటో దిగింది. ఏమైందమ్మా అంటే ఏమీ కాలేదంది. అల్లుడు మంచివాడే, అత్తగారు మంచిదే. మరెందుకొచ్చావే అంటే భార్య హైమవతి వంటింట్లోంచి కసిరింది. ఆషాఢం వచ్చింది, కొత్త కోడలు పుట్టింటికి రాక ఎక్కడికి పోతుందట!

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఏ రిపేరూ లేకుండా, కేవలం క్యాలెండరు చూసుకుని తిరిగి రావచ్చన్న మాట! ఇంత చక్కటి విధానం ఇంట్లో పెట్టుకుని తను ఊరంతా వెతుకుతున్నందుకు సిగ్గుపడ్డాడు. చెయ్యి కడుక్కుని ‘వార్షిక పుట్టింటి విశ్రాంతి విధానం’ అని ఒక ప్రతిపాదన రాసి పంపాడు. తమ షెడ్డులో చుట్టిన ప్రతి మోటారూ, బాగున్నా సరే, ఆషాఢమాసమంతా షెడ్డులోనే ఉండి తీరాలని దాని సారాంశం.

ఫ్యాను రెక్క మార్చడానికి సంస్థకి ఏడాది పడుతుంది. రైళ్ళాపడానికి రెండ్రోజులు పట్టింది. స్థానిక సంప్రదాయాన్ని పరిశ్రమతో ముడిపెట్టిన తొలి ప్రయత్నమని సుహాసిని గారు మెచ్చుకున్నారు. ఆ దారి రైళ్ళన్నిటికీ ఉన్నవి ఈ షెడ్డు మోటార్లే కాబట్టి, అన్నీ లారీలెక్కి నెల్లిమర్ల వచ్చాయి. చెడ్డది ఒక్కటీ లేదు. జగ్గమ్మ ఒక్కోదాన్నీ తట్టి చూసి, “ఇయ్యన్నీ సుబ్బరంగున్నాయి బాబూ, ఎందుకు తెచ్చినారు?” అంది. తిరుమలరావు నవ్వి, మీ పనులు నిలబెట్టడానికేనని చెప్పి ఆటో ఎక్కించి పంపాడు. ఆ సాయంత్రం ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు.

సూచి నూటికి నూరయింది. సుహాసిని గారి ట్యాబులో మిగతా గళ్ళన్నీ కూడా పచ్చబడ్డాయి. ఆ నెలలో ఒక్క రైలూ ఆలస్యంగా నడవలేదు. ఒక్క ప్రయాణికుడూ ఫిర్యాదు చెయ్యలేదు (ఫిర్యాదు చెయ్యాలంటే టికెట్టు నంబరు కావాలి). కరెంటు ఆదా అయింది. మోటార్లు లేని పెట్టెలు విజయనగరంలో వరసగా నిలబడి ఉంటే వాటి నీడన మేకలు పడుకున్నాయి. వాటిని సంస్థ ‘స్థానిక లబ్ధిదారులు’ అనే గడిలో చూపించింది.

తేడా పడింది ఒక్క హాజరు గడిలోనే. జగ్గమ్మ జట్టంతా పొందూరు, చీపురుపల్లి వైపు నుంచి ఆ టౌను రైలు మీదే పనికొచ్చేవాళ్ళు. అది వచ్చిందనే ఆ వేళకి ఉండే బస్సు తీసేశారు. ఇప్పుడు రైలూ లేదు. షెడ్డు గుమ్మంలో మొహం చూపించి హాజరు వేసుకునే యంత్రానికి వాళ్ళ మొహాలు కనబడక, మొదట రోజూ ఒక మెసేజి పంపి కారణమడిగింది. అనారోగ్యం, వివాహం, మరణం అని మూడే ఉన్నాయి. రైలు లేదన్న కారణం రైలు సంస్థ యాప్‌లో ఉంటుందా మరి! ఆషాఢం సగంలో అది వాళ్ళ పేర్లు తనంతట తనే కొట్టేసింది.

తిరుమలరావు పైకి ఫోను చేసి బతిమాలాడు, అరిచాడు కూడా. సుహాసిని గారు ఓపిగ్గా విని, వరసగా వారం రోజులు హాజరు పడితే పేర్లు వాటంతటవే ఎక్కుతాయనీ, యంత్రం ఎవరి మీదా కక్ష పెట్టుకోదనీ చెప్పారు.

శ్రావణమాసం వచ్చింది. మోటార్లు తిరిగి వెళ్ళాలి. చుట్టినవాళ్ళ వేలిముద్ర కూడా ఆ హాజరు యంత్రం మీదే పడందే ఏ మోటారూ షెడ్డు దాటరాదని నిబంధన. జగ్గమ్మ కొబ్బరికాయల వ్యాను పట్టుకుని ఎలాగో వచ్చి వేలు పెట్టింది. పేరు లేదంది యంత్రం. ఆవిడ చీరచెంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేదంది.

“మీ అమ్మాయి అత్తోరింటికి ఎలిపోనాదా బాబూ?” అని అడిగింది.

వెళ్ళిందన్నాడు తిరుమలరావు.

“మరి ఈటినెవులు పంపుతారు? నాను రేపు రావాలంటే రైలుండాలి. రైలుకి ఇయ్యుండాలి. మీరు సదూకున్నోరు గదా, సెప్పండి.”

ఆయనకేడుపొచ్చింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆవిడ తాగి, గ్లాసు బోర్లించి, తిరుగు వ్యాను కోసం రోడ్డు మీదికెళ్ళి నిలబడింది.

తర్వాతి నెలలో నెల్లిమర్ల షెడ్డుకి ఉత్తమ స్థానిక ఉపాధి కేంద్రంగా బహుమతి వచ్చింది. అందుకోవడానికి సంస్థ తిరుమలరావుకి కారు పంపింది. వేదిక మీద ఆయన వెనకాల పెద్ద తెర కట్టి, తీగ చుడుతున్న జగ్గమ్మ బొమ్మ వేశారు. కింద ‘వీరే మా బలం’ అని రాశారు. పేరు మాత్రం వెయ్యలేదు, హాజరు లేనివాళ్ళ పేర్లు సిస్టమ్ తీసుకోదు.