కృతజ్ఞతల పద్దు

"డబ్బుల్లేక నర్సు చదువు ఆగిపోయిన ఆడపిల్ల ఒక్కతి నా కంటపడినా, ఆ క్షణమే మంత్రి పదవికి రాజీనామా చేస్తాను!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఆయన మాట తప్పే మనిషి కారు. ఆ మర్నాటి నుంచే అలాంటి ఆడపిల్లలెవరూ ఆయన కంటపడకుండా ఆఫీసు గేటు దగ్గర ఇద్దరు బలమైన మనుషుల్ని పెట్టించారు.

పథకం పేరు 'దీపధారిణి'. ఫీజులో సగం గ్రాంటు, సగం బ్యాంకు లోను. రెండూ కలిపితే ఒక నర్సు.

ఈ లెక్క దర్జీగారి అమ్మాయికి బాగా నచ్చింది. ఆమెకు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. మొదటి విడత ఫీజుకి వాళ్ళ నాన్న కొట్లో ఉన్న రెండు కుట్టుమిషన్లలో మంచిది అమ్మేశాడు. మిగిలింది అరిగిపోయిన మిషను. అది గుడ్డను కుట్టేదాని కన్నా కొరికేది ఎక్కువ. రెండో విడతకి అమ్మడానికి అదొక్కటే ఉంది, దాన్ని కొనే వెర్రివాడు ఇంకా పుట్టలేదు.

పథకం ప్రారంభ సభకు కాలేజీ నుంచి అమ్మాయిలందరినీ బస్సెక్కించి తీసుకెళ్ళారు. పథకం ఆఫీసరుగారు వరసలో నిలబడ్డ ఒక్కొక్కరి మొహంలోకి చూసుకుంటూ వచ్చి దర్జీగారి అమ్మాయి దగ్గర ఆగారు.

"నీకు ఏడుపొస్తుందా?"

"దేనికండీ?"

"ఆనందంతో. గ్రాంటు వచ్చినందుకు."

"ఇంకా రాలేదు కదండీ?"

"గ్రాంటు తర్వాతైనా వస్తుంది. ఏడుపు ఇవాళే రావాలి."

స్టేజీ ఎక్కి మైకు పట్టుకునేసరికి ఆమెకు అమ్మేసిన మిషను గుర్తొచ్చింది. అంతే, కన్నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా కళ్ళు తుడుచుకుని, ఫోటోగ్రాఫరు సరిగ్గా తీయలేదేమోనని ఇంకోసారి తుడుచుకున్నారు. తర్వాత ఆమె చేతికో పెద్ద కవరిచ్చారు. ఇంటికెళ్ళి విప్పితే లోపల మంత్రిగారి ఫోటో ఉంది.

"చాలా బాగా పడ్డారు" అన్నాడు నాన్న, ఫోటో ఎక్కడ పెట్టాలో తోచక.

ఇక మిగిలింది లోను. తండ్రీ కూతుళ్ళు బ్యాంకుకి వెళితే మేనేజరు లేచి నిలబడి ఆహ్వానించాడు.

"రామ్మా, రా! పేపర్లో చూశాను. ఎంత బాగా ఏడ్చావమ్మా! గ్రాంటు వచ్చిన పిల్లకి లోనెందుకు?"

"గ్రాంటు రాలేదండీ."

"అంటే, మంత్రిగారు అబద్ధం చెప్పారంటావా?"

ఆమె నాన్నవైపు చూసింది. నాన్న నేలవైపు చూశాడు.

"అనలేదండీ."

"మరింకేం, వచ్చినట్టే."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "పోనీ, లోను ఇవ్వడం కుదరదని ఒక కాగితం మీద రాసివ్వండి సార్. ఆఫీసులో చూపించి మొరపెట్టుకుంటాం."

మేనేజరు నొచ్చుకున్నాడు. "ఎంత మాట! మా బ్యాంకు ఇంతవరకూ ఏ నర్సింగ్ అమ్మాయికీ లోను కాదనలేదండీ. కాదనబోమని మంత్రిగారికి మాటిచ్చాం కూడా. అందుకేగా అసలు అప్లికేషన్లు తీసుకోవడమే మానేశాం!"

కాలేజీ ప్రిన్సిపాలమ్మ మంచి మనిషి. వారం గడువిచ్చి, ఆ తర్వాత పేరు కొట్టేస్తానని ఎంతో ఆప్యాయంగా చెప్పింది.

ఆ వారంలో దర్జీగారి అమ్మాయి మంత్రిగారి ఆఫీసు ఆవరణలోనే ఉన్న పథకం ఆఫీసుకి తిరగని రోజు లేదు. గేటు దగ్గరి మనుషులు పేపర్లో ఫోటో చూసిన గౌరవంతో ఆమెను పక్క గుమ్మంలోంచి పంపేవాళ్ళు. చివరికి ఒకరోజు ఆఫీసరుగారు తలుపు వేసి, గొంతు తగ్గించి, ఉన్న సంగతి చెప్పారు.

"చూడమ్మా, గ్రాంటు పద్దులో పైసా లేదు. ఉన్నదంతా ప్రారంభ సభకే అయిపోయింది. కానీ కృతజ్ఞతల పద్దులో బోలెడుంది. ఖర్చుపెట్టే దారి లేక మురిగిపోతోంది."

"అందులోంచి నా ఫీజు కట్టేయచ్చు కదండీ?"

"తప్పు! చదువుకివ్వకూడదు. కృతజ్ఞతకివ్వచ్చు. గ్రాంటు అందిందని ఊరూరా సభల్లో ధన్యవాదాలు చెప్పు. దారి ఖర్చులు, భోజనం, పైన సత్కారం డబ్బు. అది పెట్టి ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఫీజు కట్టుకుంటావో, గాలిపటాలు కొనుక్కుంటావో ప్రభుత్వం అడగదు."

"ఏయే ఊళ్ళలో చెప్పాలండీ?"

"అన్నింట్లో. గ్రాంటు విషయంలో మంత్రిగారు ఊరికీ ఊరికీ తేడా చూపించలేదు."

ఇంట్లో ఈ మాట విని నాన్న కత్తెర కింద పెట్టేశాడు. "అబద్ధమాడి చదువుకుంటావా అమ్మా?"

"నిజం చెప్పి చదువుకుందామనే కదా నాన్నా, మొన్న బ్యాంకుకి వెళ్ళాం?"

గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచే మనిషాయన. ఈ సంగతి మాత్రం ఎటు కొలిచినా ఒక బెత్తెడు తక్కువే వచ్చింది. మళ్ళీ కత్తెర చేతిలోకి తీసుకుని, "కానియ్యమ్మా" అన్నాడు.

అలా మొదలైంది ఆమె నర్సింగ్ విద్య. మామూలు రోజుల్లో వార్డులో మంచాలు సర్దడం, జ్వరాలు చూడడం, కట్లు కట్టడం. సెలవు రోజుల్లో స్టేజీల మీద ధన్యవాదాలు. మధ్యలో బస్సు ప్రయాణాల్లో గుండె, మూత్రపిండాలు, నరాలు వరసగా చదివేది. ఆఫీసరుగారు కృతజ్ఞతలకు రేట్లు కూడా పెట్టారు. ఉత్త ధన్యవాదానికి ఒకటి, కన్నీళ్ళతో అయితే ఇంకొకటి, 'మంత్రిగారు నాకు తండ్రిలాంటివారు' అనేచోట గొంతు పూడుకుపోతే దానికి ప్రత్యేకం. ఎముకల పరీక్ష ఫీజంతా ఆమె ఆ గొంతు మీదే కట్టింది. ఆ మాట అన్న ప్రతిసారీ ఇంటికెళ్ళి నాన్న మొహంలోకి సూటిగా చూడలేకపోయేది.

ఒక ఊళ్ళో సభ అయ్యాక ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా మనవరాలికీ సీటొచ్చింది తల్లీ. ఆ డబ్బులు నీకు ఎవరిచ్చారో కాస్త చెప్పవూ? కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

చుట్టూ కుర్చీలు మడత పెడుతున్నారు. దర్జీగారి అమ్మాయి ఆ మనవరాలి పేరు తన పుస్తకం అట్ట మీద రాసుకుంది. అన్ని సభల్లోనూ సమయానికి వచ్చిన కన్నీళ్ళు అప్పుడు మాత్రం రాలేదు. ఆ రోజు బస్సులో పుస్తకం తెరిచిన పేజీ తెరిచినట్టే ఉండిపోయింది. ఆ మర్నాడు ఆ మనవరాలిని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. తనకు తెలిసిన దారి అదొక్కటే.

ఆఫీసరుగారు కొత్తమ్మాయిని ఎగాదిగా చూసి, "నీకు ఏడుపొస్తుందా?" అన్నారు.

క్రమంగా ఒక బృందం తయారైంది. గ్రాంటు రాని అమ్మాయిలందరూ గ్రాంటు వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి ఫీజులు కట్టుకున్నారు. 'ఒక్క అమ్మాయి కూడా చదువు మానలేదు' అని మంత్రిగారు ప్రతి సభలోనూ చెప్పేవారు. అది అక్షరాలా నిజమని ఆయనకే తెలియదు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఊరూరా ఇంత కృతజ్ఞత వెల్లివిరిసినా మంత్రిగారు చిత్తుగా ఓడిపోయారు.

అమ్మాయిల గుండెల్లో రాయి పడింది. ఇంకా ఆఖరి సంవత్సరం ఫీజుంది. పరుగున ఆఫీసుకి వెళ్ళేసరికి ఆఫీసరుగారు స్టూలెక్కి గోడకున్న ఫోటో మారుస్తున్నారు. ఫోటోకి కొట్టిన మేకు మాత్రం పాతదే.

"కంగారు పడకండమ్మా. పద్దు ఎక్కడికీ పోలేదు, పేరు మారిందంతే. ఇప్పుడది బాధితుల పద్దు. ఇకనుంచి మీరు మోసపోయినవాళ్ళు. గ్రాంటు రాక, లోను దొరక్క, చదువు మధ్యలో ఆగిపోయిందని చెప్పాలి."

"చదువు ఆగలేదు కదండీ?" అంది దర్జీగారి అమ్మాయి.

"గ్రాంటు వచ్చిందని చెప్పినప్పుడు వచ్చిందా ఏమన్నా?"

ఆఫీసరుగారు స్టూలు దిగి చేతులు దులుపుకున్నారు.

"ఏడుపు మాత్రం మార్చకండి. అది దేనికైనా సరిపోతుంది. పైగా బాధకు రేటెక్కువ, కొత్త ప్రభుత్వం కదా!"

కొత్త మంత్రిగారి మొదటి సభ మిట్టమధ్యాహ్నం మైదానంలో జరిగింది. బాధిత విద్యార్థినులను స్టేజీ మీద వరసగా కూర్చోబెట్టారు. వాళ్ళ బాధకు సంఘీభావంగా మంత్రిగారు ఆ పూట భోజనం మానేశారని పొద్దున్నే పేపర్లలో వచ్చింది. దర్జీగారి అమ్మాయికి ఆ రోజు సత్కారంతో ఆఖరి సంవత్సరం ఫీజు పూర్తవుతుంది.

మంత్రిగారు మాట్లాడుతుంటే గొంతు వణికింది. జనం చప్పట్లు కొట్టారు. చెయ్యి వణికింది. ఇంకా గట్టిగా కొట్టారు. మాటలు ముద్దముద్దగా వచ్చి, మైకు స్టాండుని "అమ్మా" అని పిలిచేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

దర్జీగారి అమ్మాయి మాత్రం ఆయన మెడ వెనక ధారగా కారుతున్న చెమట చూస్తోంది. లేచి ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళింది.

"కూర్చో, నీ వంతు ఇంకా రాలేదు."

"సార్‌కి షుగరుందా?"

"ఉంది. ఏం?"

"పొద్దున ఇన్సులిన్ ఇంజక్షన్ తీసుకున్నారా?"

"రోజూ తీసుకుంటారు."

"అన్నం తినలేదా?"

"మానేశారని పేపర్లో వేయించాం కదమ్మా!"

"నిజంగానే మానేశారా?"

ఆఫీసరుగారు తెల్లబోయారు. ఆయన సర్వీసులో ప్రకటించిన పని నిజంగా జరగడం అదే మొదటిసారి.

అప్పటికే మంత్రిగారు ఒరిగిపోతున్నారు. ఆమె వెళ్ళి పడకుండా పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "సార్, నా మాట వినబడుతోందా? మింగగలరా?" ఆయన తలూపారు. పడిపోయిన షుగరు పైకి రావాలని, అతిథుల కోసం పెట్టిన కూల్ డ్రింకు తీసి గ్లాసు పెదాలకానించింది. "నెమ్మదిగా. ఇంకో గుక్క. మీరందరూ మీద పడకండి, గాలి రానివ్వండి! ఆ వెనకాయన, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!" మైకు ఆన్‌లోనే ఉంది. మైదానమంతా నిశ్శబ్దంగా ఆమె చెప్పినట్టు వింది.

ఆఫీసరుగారు ఆమె చెవి దగ్గరికి వంగారు. "ఏం చేస్తున్నావ్! నీ చదువు ఆగిపోయింది. నీకివన్నీ తెలియకూడదు!"

"అయితే వదిలెయ్యమంటారా?"

ఇంత తక్కువ గడువులో తేల్చాల్సిన ఫైలు ఆఫీసరుగారి బల్ల మీదికి ఎన్నడూ రాలేదు.

ఆమె మంత్రిగారి మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటోంది.

కాసేపటికి మంత్రిగారి మొహంలోకి రంగొచ్చింది. కళ్ళు తెరిచి చుట్టూ చూశారు.

"ఎవరీ అమ్మాయి?"

"బాధితురాలు సార్" అన్నారు ఆఫీసరుగారు.

"చదువు ఆగిపోయిన పిల్లకి ఇంత పనెలా వచ్చయ్యా? ఎవరు చదివించారు?"

మైదానమంతా చెవులు రిక్కించింది. ఆఫీసరుగారు పాత మంత్రిగారి పేరు తలుచుకుని మింగేశారు. బ్యాంకు పేరు తలుచుకుని అదీ మింగేశారు. ఆ తర్వాత చేతులు కట్టుకున్నారు.

"మీరే సార్."

"నేనా?" మంత్రిగారు కొంచెం ఆలోచించారు. "ఎప్పట్నుంచి?"

"ప్రమాణ స్వీకారం నాటి నుంచీ సార్."

"మరి ఇంతసేపూ చెప్పవేమయ్యా!" మంత్రిగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, మైకు దగ్గరికి లాగించారు. "ఏదీ, ధన్యవాదాలు చెప్పమను."

దర్జీగారి అమ్మాయి ఆయన నాడి మీద వేళ్ళు తియ్యకుండానే ఆఫీసరుగారి వైపు వంగింది.

"సార్, ఇది ఏ పద్దు కిందికొస్తుంది?"